జర్మన్ స్కా వినాలనుకుంటే ట్రాంబోన్ వెంట వెళ్ళండి

జర్మనీ సంగీతం అనగానే మనవాళ్ళలో ఒక తరానికి బోనీ ఎం గుర్తొస్తుంది, ఆ తర్వాతి వాళ్ళకి రామ్‌స్టైన్, టెక్నో. స్కా పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. కానీ జమైకాలో పుట్టి ఇంగ్లండ్ మీదుగా వచ్చిన ఈ సంగీతాన్ని పట్టుకుని నలభై ఏళ్ళుగా వదలకుండా వాయిస్తున్న దేశాల్లో జర్మనీ ముందు వరసలో ఉంటుంది, అదీ పెద్ద కంపెనీల అండ లేకుండా, రేడియోలో పెద్దగా రాకుండా. దీన్ని వినడం ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో వెళ్ళాలి, జర్మనీలో చదువుకో ఉద్యోగానికో ఉన్నవాళ్ళయితే షోకి ఎలా వెళ్ళాలి, ఇంకా ఉత్సాహం ఉండి వాయించాలనుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ ఇక్కడ రాస్తున్నా. యాప్‌లో ‘జర్మన్ స్కా’ అని కొట్టి వచ్చిన లిస్టు వినొద్దని మాత్రం మొదటే చెప్తా. నాలుగు వేర్వేరు కాలాల పాటలు కలిపి వస్తాయి, అన్నీ ఒకేలా వినిపించి పదో పాటకి విసుగొస్తుంది.

ముందు చెవికి అలవాటు చేయాలి. కాలితో మామూలుగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని దెబ్బ వేయండి. ఇప్పుడు ఆ దెబ్బల మీద కాకుండా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందులో చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్ల చోటే స్కాలో గిటారుది, ‘చక్, చక్, చక్, చక్’ అని పొట్టిగా తెగిపోతూ వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది ఇంకా తేలిక, సమం దాటాక ఎత్తుకునే కీర్తనకి తాళం వేసినవాళ్ళ చెయ్యి ఆ ఖాళీని ముందే ఎరుగుతుంది. గిటారు సందులో ఉంటే బేస్ మాత్రం దెబ్బ తప్పకుండా జాజ్ పద్ధతిలో నడుస్తూనే ఉంటుంది. ఈ రెండింటి మధ్య లాగుడే శరీరాన్ని కదిలించేది. పైన ట్రంపెట్, శాక్సాఫోన్, ట్రాంబోన్ (గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే వాద్యం) కలిసి పాట ఎత్తుకుంటాయి. గాయకుడు లేకపోయినా పాట నడిచిపోతుంది, చాలా పాటలకి అసలు గాయకుడే ఉండడు.

ఈ చప్పట్ల సాధన జర్మన్ పాటతో కాదు, స్కాటలైట్స్‌తో చేయండి. జమైకాకి 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, 1964లో ఈ బృందం ఏర్పడింది, అందులో డాన్ డ్రమండ్ అనే ట్రాంబోన్ వాద్యకారుడు ఉన్నాడు. ఆయన ట్రాంబోన్ వినకుండా జర్మన్ బృందాలకి వెళ్తే, వాళ్ళు ఎవరికి అంత గౌరవం ఇచ్చి వాయిస్తున్నారో తెలియదు. ఓ వారం ఇదే వినండి, తొందరేం లేదు.

తర్వాత ఇంగ్లండ్. 1979లో కోవెంట్రీలో జెర్రీ డామర్స్ ‘టూ టోన్’ అనే లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టాడు. స్పెషల్స్, సెలెక్టర్, మ్యాడ్‌నెస్ అందులోంచే వచ్చారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే స్టేజి మీద, నలుపు తెలుపు గళ్ళ గుర్తు, పంక్ వేగం, జమైకా లయ. ఇది పశ్చిమ జర్మనీకి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అప్పట్లో ఉత్తర జర్మనీలో బ్రిటిష్ సైన్యం ఉండేది, వాళ్ళ కోసం నడిచే బీఎఫ్‌బీఎస్ రేడియోని జర్మన్ కుర్రాళ్ళు కూడా వినేవాళ్ళు, బీబీసీ డీజే జాన్ పీల్ కార్యక్రమం అందులోనూ వచ్చేది. టూ టోన్ గురించి మీకు ఇంతవరకు తెలిస్తే చాలు. దాని మీద ఇప్పటికే బోలెడంత రాశారు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి సంగతి. 80ల మధ్యకి వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఆ జోరు తగ్గిపోయింది. సరిగ్గా అప్పుడే జర్మనీలో బృందాలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి. అంటే వీళ్ళు ఫ్యాషన్ వెంట పరిగెత్తినవాళ్ళు కారు, ఫ్యాషన్ వెళ్ళిపోయాక మిగిలింది తీసుకుని తమది చేసుకున్నవాళ్ళు. అందుకే చాలామంది ఇప్పటికీ వాయిస్తున్నారని నా అభిప్రాయం.

జర్మనీలోనే ఎందుకు అంటే, ఎవరి గురించి విన్నా మ్యాప్ తెరిచి ఆ బృందం ఏ ఊరిదో చూడండి. బస్టర్స్‌ది హైడెల్‌బర్గ్ పక్కన ఉన్న వీస్‌లోఖ్, స్కావోస్‌ది బవేరియాలోని క్రుంబాఖ్. చిన్న ఊళ్ళు. స్కాకి బ్రాస్, అంటే ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలు, వాయించేవాళ్ళు కావాలి, మామూలు రాక్ బృందంలా ముగ్గురు నలుగురితో అవ్వదు. జర్మనీలో ఆ కొరత తక్కువ. పల్లెపల్లెకీ మూజీక్‌ఫెరైన్ అని సంగీత సంఘం ఉంటుంది, పండగకీ ఊరేగింపుకీ వాయించేది వాళ్ళే, మన ఊళ్ళలో పెళ్ళి బ్యాండు లాగా, కాకపోతే ఇక్కడ డాక్టరు, వడ్రంగి, బడి పిల్లలు అందరూ ఒకే వరసలో కూర్చుని వాయిస్తారు. ప్రొటెస్టంట్ చర్చిల్లో అయితే పొజౌనెన్‌కోర్ అనే బ్రాస్ బృందాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. పదేళ్ళ పిల్లాడి చేతిలో ట్రాంబోన్ పెట్టి నేర్పించే ఏర్పాటు ఉన్న దేశంలో, ఆ పిల్లాడు పదిహేడో ఏట మ్యాడ్‌నెస్ వింటే ఏమవుతుంది? పైగా వాళ్ళ పోల్కాలో కూడా ‘ఊం-పా’ అన్నప్పుడు ఆ ‘పా’ సందులోనే పడుతుంది. ఆ సందు వాళ్ళకి తెలియనిది కాదు.

రెండో కారణం యువజన కేంద్రాలు. యూగెండ్‌సెంట్రుమ్ అంటారు. చాలావరకు మునిసిపాలిటీ డబ్బుతో నడుస్తాయి, కొన్ని కుర్రాళ్ళే పట్టుబట్టి ఖాళీ భవనాలు తీసుకుని నడుపుకునేవి. అక్కడ సాధన చేసుకోవచ్చు, స్టేజీ ఉంటుంది, టికెట్ తక్కువ. పది మంది ఉన్న బృందాన్ని పిలిచి, భోజనం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి పంపించగలిగే జాగాలు ఇన్ని ఉండబట్టే ఊరి నుంచి ఊరికి తిరుగుతూ వాయించడం సాధ్యమైంది. పదిమంది బృందానికి షో డబ్బు పంచితే తలకి ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. వీళ్ళలో చాలామందికి సోమవారం నుంచి శుక్రవారం దాకా వేరే ఉద్యోగం ఉంటుంది.

ఇప్పుడు వరస. మొదట 80ల చివరి బృందాలు. బస్టర్స్ 1987లో మొదలైంది, మరుసటి ఏడే ‘రూడర్ దాన్ రూడ్’ ఆల్బమ్ వచ్చింది. మొదటిసారి వినేవాళ్ళకి నేనిచ్చేది ఇదే. బ్రాస్ గట్టిగా, శుభ్రంగా, నవ్వుతూ వాయిస్తున్నట్టు ఉంటుంది, పాటలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి భాష అడ్డం రాదు. దాని తర్వాత స్టుట్‌గార్ట్ నుంచి నో స్పోర్ట్స్, మ్యూనిక్ నుంచి బ్లూకిల్లా, బెర్లిన్ నుంచి బ్లెఖ్‌రైట్స్. స్కావోస్ వీళ్ళందరికంటే ముందు, 80ల మొదట్లోనే మొదలుపెట్టింది, కాబట్టి దాన్ని వినేటప్పుడు అప్పటికి దారి చూపించినవాళ్ళు ఎవరూ లేరని గుర్తుపెట్టుకుని వినండి. మ్యూన్‌స్టర్ నుంచి ఎల్ బోసో ఉండ్ డీ పింగ్ పాంగ్స్ ఉంది, వీళ్ళు జర్మన్‌లోనే పాడారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు, ఎక్కువమంది ఇంగ్లీషు దాటలేదు. జర్మన్ భాష నేర్చుకుంటున్నవాళ్ళకి ఈ బృందం బాగా పనికొస్తుంది, మాటలు స్పష్టంగా ఉంటాయి.

బెర్లిన్ గోడ అవతల వైపు కూడా వదలొద్దు. లైప్‌జిగ్‌లో మెసర్ బాన్‌జానీ అనే బృందం తూర్పు జర్మనీ చివరి రోజుల్లోనే ఈ దారి పట్టింది, రికార్డులు కొనుక్కోవడమే కష్టమైన చోట. తర్వాత 90లలో డ్రెస్డెన్ నుంచి ఎల్లో అంబ్రెల్లా వచ్చింది. దాంట్లో రెగే పాలు ఎక్కువ, నిదానంగా సాగుతుంది. సాయంత్రం పూట వినడానికి నాకు అదంటే ఇష్టం.

రెండో మెట్టు మీద ఒక్క మనిషి దగ్గర ఎక్కువసేపు ఆగండి. డాక్టర్ రింగ్-డింగ్. అసలు పేరు రిచర్డ్ యుంగ్, మ్యూన్‌స్టర్ మనిషి, ట్రాంబోన్ వాయిస్తాడు, పాడతాడు, జమైకా యాసలో టోస్టింగ్ చేస్తాడు, అంటే లయ మీద పాటలా కాకుండా మాటలు పలుకుతాడు. ఎల్ బోసో బృందంలో వాయించి, ఆ తర్వాత సీనియర్ ఆల్‌స్టార్స్‌తో కలిసి 90లలో చేసిన రికార్డుల్లో 60ల జమైకా పద్ధతికి తిరిగి వెళ్ళాడు. వేగం తగ్గింది, బేస్‌కి బరువొచ్చింది, ట్రాంబోన్‌కి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. స్కాటలైట్స్ గాయని డోరీన్ షాఫర్ వీళ్ళతో పాడిందంటే పుట్టింటి వాళ్ళే మెచ్చుకున్నట్టు. డాన్ డ్రమండ్‌ని ముందే విన్నవాళ్ళకి ఇక్కడ ఫలితం దొరుకుతుంది. ఒక పాట అటు, ఒక పాట ఇటు పెట్టి మార్చి మార్చి వినండి. ముప్పై ఏళ్ళ తేడా, సముద్రం తేడా ఉన్నా ఒకే గాలి ఊదినట్టుంటుంది. ఆయన విడిపోయాక సీనియర్ ఆల్‌స్టార్స్ మాటలు లేకుండా వాద్యాలతోనే, డబ్ (రెగే పాటని ప్రతిధ్వనులతో, బేస్ పెంచి మార్చే పద్ధతి) వైపు వెళ్ళారు, అదీ బాగుంటుంది కానీ తర్వాత వినొచ్చు.

ఈ మెట్టు మీద లేబుళ్ళ పేర్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే స్కాలో బృందం కంటే లేబుల్ పట్టుకుని వెళ్తే ఎక్కువ దొరుకుతుంది. మ్యూన్‌స్టర్‌లో గ్రోవర్, బెర్లిన్‌లో పోర్క్ పై. గ్రోవర్ జర్మన్ బృందాలతో పాటు లారెల్ ఐట్‌కెన్ లాంటి పాతతరం గాయకుల రికార్డులు కూడా వేసింది. పాత జమైకా గాయకులు జర్మనీకి వచ్చినప్పుడు ఇక్కడి కుర్రాళ్ళే వెనక వాయించేవాళ్ళు, అలా వాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నారు. సెకండ్ హ్యాండ్ రికార్డు షాపుకి వెళ్తే ఈ రెండు పేర్లు ఉన్న అట్టలు వెతకండి.

మూడో మెట్టు స్కా-పంక్. 90ల మధ్యలో అమెరికా బృందాల ప్రభావం వచ్చాక హాంబర్గ్‌లో రంటన్‌ప్లాన్ మొదలైంది, జర్మన్‌లో పాడతారు, రాజకీయం సూటిగా ఉంటుంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఉన్న మార్కుస్ వీబుష్ తర్వాత కెట్‌కార్ అనే బృందంతో బాగా పేరు తెచ్చుకున్నాడు. రూర్ ప్రాంతం నుంచి జోండాషూలె వచ్చింది. ఈ తరంలో గిటారు మోత ఎక్కువ, బ్రాస్ పల్లవి దగ్గర అలంకారంలా వస్తుంది. జనానికి నచ్చుతుంది, షోలో ఊపేస్తుంది, నేను కూడా గెంతుతా. కానీ ఇంట్లో కూర్చుని వినడానికి నాకు ముందు తరమే కావాలి. డీ ఎర్ట్సె అనే పేరున్న జర్మన్ పంక్ బృందం గాయకుడు ఫారిన్ ఉర్లౌబ్ తన సొంత బృందంలో బ్రాస్ పెట్టుకుని స్కా పాటలు చేశాడు. మీ జర్మన్ కొలీగ్‌తో మాట కలపాలంటే ఆ పేరుతో మొదలుపెట్టండి, అది తెలియనివాళ్ళు తక్కువ.

షోకి వెళ్ళేముందు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి, మన రంగు చర్మం ఉన్నవాళ్ళు తప్పకుండా అడిగేది: స్కా షోలో గుండు గీయించుకుని, బూట్లు, సస్పెండర్లు వేసుకున్నవాళ్ళు కనిపిస్తారు. భయపడాలా? ఇంగ్లండ్‌లో 60ల చివర్లో పుట్టిన మొదటి స్కిన్‌హెడ్లు జమైకా సంగీతాన్ని ప్రేమించిన కార్మిక కుర్రాళ్ళు. 70ల చివర నుంచి జాతివాద పార్టీలు వాళ్ళలో కొందరిని లాక్కున్నాయి, ఆ వేషానికి చెడ్డపేరు అలా వచ్చింది. జర్మనీలో దేశం ఏకమైన తర్వాత 1991లో హోయర్స్‌వెర్డా, 1992లో రోస్టాక్, మ్యోల్న్, 1993లో జోలింగెన్‌లో వలస వచ్చినవాళ్ళ మీద దాడులు జరిగాయి, మ్యోల్న్‌లో, జోలింగెన్‌లో మనుషుల ప్రాణాలు పోయాయి. అలాంటి రోజుల్లో నల్లవాళ్ళ సంగీతం వాయిస్తూ నిలబడాలంటే ఏ పక్షమో చెప్పక తప్పదు. స్కా బృందాలు చెప్పాయి. నో స్పోర్ట్స్ పాడిన ‘స్టే రూడ్ స్టే రెబెల్’ జాతివాదాన్ని వ్యతిరేకించే స్కిన్‌హెడ్లకి గీతంలా మారింది. జర్మన్ స్కా గురించి మాట్లాడుతూ దీన్ని పక్కన పెట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. ఈ గొడవలో గట్టిగా నిలబడటం వల్లే ఆ సంగీతానికి అక్కడ వేరు పట్టింది.

కాబట్టి చూడాల్సింది గుండుని కాదు, గుర్తుల్ని. షార్ప్ అనే సంఘం బ్యాడ్జి, అంటే ట్రోజన్ శిరస్త్రాణం బొమ్మ ఉంటే వాళ్ళు జాతివాదానికి వ్యతిరేకులు. తలుపు దగ్గర, బార్ గోడ మీద నాజీలకి ప్రవేశం లేదని పోస్టర్ ఉంటుంది చూడండి. 88 అనే అంకె చొక్కా మీదో పచ్చబొట్టుగానో కనిపిస్తే అది హిట్లర్ నినాదానికి గుప్త సంకేతం, అలాంటివాళ్ళకి దూరంగా జరిగి బార్‌లో పనిచేసేవాళ్ళకి చెప్పండి, మంచి వేదికల్లో వెంటనే పట్టించుకుంటారు. బూట్ల లేసుల రంగుని బట్టి మనిషిని చెప్పొచ్చనే మాటలు వింటారు, వాటిని నమ్మొద్దు. మొదటిసారి ఒంటరిగా కాకుండా స్నేహితులతో వెళ్ళండి, ఆ టెన్షన్ ఉండదు.

టికెట్ మీద రెండు సమయాలు ఉంటాయి. ఐన్‌లాస్ అంటే తలుపులు తెరిచే సమయం, బెగిన్ అంటే వాయించడం మొదలయ్యే సమయం. తలుపు దగ్గర కొనే టికెట్‌ని ఆబెండ్‌కాసె అంటారు, చిన్న వేదికల్లో ఇప్పటికీ నగదే అడుగుతారు, కార్డు మాత్రమే పట్టుకుని వెళ్ళొద్దు. గ్లాసుకి డిపాజిట్ తీసుకుంటారు, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మందుల షాపులో దొరుకుతాయి, తప్పకుండా కొనండి, చిన్న హాల్లో మూడు బ్రాస్ వాద్యాలు ఎదురుగా ఊదుతుంటే చెవి గింగురుమంటుంది. ముందు వాయించే బృందాన్ని ఎగ్గొట్టొద్దు, రేపు మీకు ఇష్టమయ్యేది అందులోనే ఉండొచ్చు. చిన్న ఊళ్ళో షో అయితే చివరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి.

డాన్స్ పేరు స్కాంకింగ్. ఎదురుగా ఉన్నవాళ్ళని చూస్తే వస్తుంది. మోకాళ్ళు కొద్దిగా వంచి, ఉన్నచోటే నడుస్తున్నట్టు కాళ్ళు మార్చుతూ, ఎదురు చెయ్యి ముందుకు ఊపడమే. గిటారు సందులో పడ్డప్పుడు మోకాలు పైకి రావాలి. స్కా-పంక్ షోలో ముందు వరసలో తోపులాట ఉంటుంది, ఎవరైనా పడితే పక్కవాళ్ళే లేపుతారు, మీరూ లేపండి. అది వద్దనుకుంటే పక్కకి, ట్రాంబోన్ వైపు నిలబడండి.

వేదికల్లో మ్యూన్‌స్టర్‌లో గ్లైస్ 22, లైప్‌జిగ్‌లో కొన్నె ఐలాండ్, బెర్లిన్ క్రాయిట్స్‌బర్గ్‌లో ఎస్ఓ 36 పేర్లు గుర్తుంచుకోండి. పోట్స్‌డామ్‌లోని లిండెన్‌పార్క్‌కి స్కా పండగలతో పాత సంబంధం ఉంది. ఎల్బె నది ఒడ్డున దెస్సౌ-రాస్‌లౌలో పాత నీటి కోట ఉంది, అక్కడ జరిగే ‘దిస్ ఈజ్ స్కా’ ఫెస్టివల్‌కి టెంట్లు వేసుకుని జనం వస్తారు. తేదీలు బయలుదేరేముందు వేదిక సొంత ప్రకటనలో చూసుకోండి. వెళ్ళినప్పుడు బల్ల మీద పెట్టి అమ్మే రికార్డో టీషర్టో కొనండి, ఆ డబ్బే వాళ్ళ వ్యాన్‌లో డీజిల్.

చివరగా, వాయించాలనుకునేవాళ్ళకి. మీ ఊరి మూజీక్‌ఫెరైన్‌కి వెళ్ళి కొత్తవాళ్ళకి నేర్పుతారా అని అడగండి, చాలాచోట్ల వాద్యం అద్దెకో ఉచితంగానో ఇస్తారు, జర్మన్ కూడా అక్కడే బాగా వస్తుంది. గిటారు వాళ్ళయితే బ్యారే కార్డులు పట్టుకుని పికింగ్ కింది నుంచి పైకి మాత్రమే చేయండి, మోగిన వెంటనే ఎడమచేతి వేళ్ళు వదులు చేస్తే శబ్దం తెగుతుంది, ఆ తెగడమే కష్టం, రోజూ మెట్రోనోమ్‌తో నిదానంగా చేయాలి. బ్రాస్ వాళ్ళకి ఫ్లాట్ స్వరాలున్న శ్రుతులు సుఖం, గిటారు వాళ్ళు ఈ (E), ఏ (A) శ్రుతులే కావాలని పట్టుబట్టకుండా వాళ్ళ దారికి రావాలి. ఇంకో జాగ్రత్త: జర్మన్లు ‘బే’ అంటే మనం అనుకునే బీ (B) స్వరం కాదు, బీ ఫ్లాట్. మామూలు బీని వాళ్ళు ‘హా’ అంటారు. రిహార్సల్‌లో ఇది తెలియకపోతే సగం గంట గందరగోళం.

సాధన గదిని ప్రోబెరౌమ్ అంటారు, కొన్ని నగరాల్లో యుద్ధకాలపు బంకర్లే ఆ గదులు, గోడలు మందం కాబట్టి ట్రాంబోన్‌కి సరిపోతాయి. అపార్ట్‌మెంట్‌లో మాత్రం రాత్రి పది తర్వాత ఊదొద్దు, ఆ వేళకి ఇళ్ళల్లో నిశ్శబ్దం పాటించాలని నియమం. మనుషులు దొరకకపోతే ఒక ట్రంపెట్, ఒక టెనర్ శాక్స్, ఒక ట్రాంబోన్‌తో మొదలుపెట్టండి. మొదటి పాట మాటలు లేనిదే పెట్టుకోండి, ముగ్గురూ ఒకే స్వరం ఊది శ్రుతి కుదిరాక హార్మనీ విడదీయండి, ట్రాంబోన్‌ని కింద పెట్టండి.